బిల్డ్ మార్పుల వలన సాఫ్టువేరు వైఫల్యం

సోర్స్ కోడును కంప్యూటరుపై నడిచే ప్రోగ్రాముగా మార్చే ప్రక్రియను బిల్డ్ అంటారు. ఈ పనిలో కంపైలరు, లింకరు వంటి ఉపకరణాలకు ఏయే ఆదేశాలు ఇవ్వాలో నిర్ణయించే ఏర్పాటును బిల్డ్ వ్యవస్థ అంటారు. సోర్స్ కోడులో ఒక్క అక్షరం మారకపోయినా, బిల్డ్ వ్యవస్థలో ఒక ఆదేశం మారితే తయారయ్యే ఫైలు స్వరూపం మారుతుంది. ఆ ఫైలుపై ఆధారపడి, వాడుకరుల కంప్యూటర్లలో అప్పటివరకు సక్రమంగా నడుస్తున్న ఇతర సాఫ్టువేర్లు దీనివలన హఠాత్తుగా ఆగిపోవచ్చు. 2022లో గ్నూ సీ లైబ్రరీ 2.36 విడుదలతో తలెత్తిన సమస్య ఇందుకు ఒక ఉదాహరణ.

నేపథ్యం

లినక్స్‌లో అనేక ప్రోగ్రాములకు ఉమ్మడిగా అవసరమయ్యే ఫంక్షన్లను షేర్డ్ లైబ్రరీలలో ఉంచుతారు. ప్రోగ్రాము మొదలైనప్పుడు డైనమిక్ లింకరు దానికి కావలసిన ఫంక్షన్లను పేరును బట్టి లైబ్రరీలో వెదకి, వాటి చిరునామాలను అందిస్తుంది. అందువలన లైబ్రరీకి కొత్త కూర్పు వచ్చినా ప్రోగ్రామును తిరిగి కంపైలు చేయనవసరం లేదు. అయితే ఈ సౌలభ్యం ఆ రెండింటి మధ్య ఉండే బైనరీ స్థాయి ఒప్పందంపై ఆధారపడి ఉంటుంది. దీనిని ఏబీఐ అంటారు. ఫంక్షన్ల పేర్లు, డేటా అమరిక, ఫైలు నిర్మాణం ఇందులో భాగాలు.

గ్నూ సీ లైబ్రరీ 2.36

పేర్లను త్వరగా వెదకటానికి లైబ్రరీ ఫైళ్ళలో హ్యాష్ పట్టిక ఉంటుంది. డీటీ_హ్యాష్ అనే పాత పట్టిక యూనిక్స్ సిస్టమ్ ఫైవ్ నిర్దేశాల నుండి వచ్చింది. 2006లో గ్నూ ఉపకరణాలలో డీటీ_గ్నూ_హ్యాష్ అనే కొత్త పట్టిక ప్రవేశించింది. వెదికే పేరు లైబ్రరీలో లేనట్లయితే ఆ సంగతిని ఇది చాలా త్వరగా తేల్చగలదు. క్రమంగా అనేక లినక్స్ పంపిణీలు కొత్త పట్టికను మాత్రమే తయారుచేసేలా తమ కంపైలర్లను అమర్చుకున్నాయి. గ్నూ సీ లైబ్రరీ బిల్డ్ ఫైళ్ళలో మాత్రం రెండు పట్టికలనూ తయారుచేయాలనే ఆదేశం కొనసాగింది.

2022 ఆగస్టులో విడుదలైన 2.36 కూర్పులో ఆ ఆదేశాన్ని తొలగించారు. దానితో అటువంటి పంపిణీలలో ఈ లైబ్రరీ నుండి కూడా పాత పట్టిక అదృశ్యమయింది. డైనమిక్ లింకరుకు రెండు పట్టికలూ తెలుసు కనుక సాధారణ ప్రోగ్రాములకు ఇబ్బంది కలగలేదు. కాని ఆన్‌లైన్ ఆటలలో మోసాలను అరికట్టే ఈజీ యాంటీ-చీట్ అనే సాఫ్టువేరు పాత పట్టికను నేరుగా చదివేది. కొత్త కూర్పును వెంటనే స్వీకరించిన ఆర్చ్ లినక్స్ వంటి పంపిణీలలో, దానిపై ఆధారపడిన ఆటలు మొదలుకాలేదు. ఆ ఆటల సోర్స్ కోడు వాడుకరుల వద్ద లేనందున వాటిని సరిచేసి తిరిగి బిల్డ్ చేసుకునే వీలు కూడా లేకపోయింది. చివరకు ఆర్చ్ లినక్స్ తన ప్యాకేజీలో పాత పట్టికను పునరుద్ధరించింది.

పదహారేళ్ళ వాడుకతో కొత్త పట్టికే ప్రమాణంగా స్థిరపడిందని మార్పును సమర్థించినవారు వాదించారు. సిస్టమ్ ఫైవ్ నిర్దేశాల ప్రకారం పాత పట్టిక తప్పనిసరి అని, దానిని నమ్ముకున్న ప్రోగ్రామును తప్పుపట్టలేమని వ్యతిరేకించినవారు వాదించారు.

జీసీసీ 5

2015 ఏప్రిల్‌లో విడుదలైన జీసీసీ 5 కంపైలరు, సీ++11 ప్రమాణానికి అనుగుణంగా స్ట్రింగ్, లిస్ట్ రకాలకు కొత్త అమరికను డిఫాల్టుగా చేసింది. ప్రామాణిక లైబ్రరీలో పాత అమరికను కూడా ఉంచటం వలన పాత ప్రోగ్రాములు నడుస్తూనే ఉన్నాయి. అయితే పాత ప్రోగ్రాము వాడే వేరొక లైబ్రరీని కొత్త కంపైలరుతో తిరిగి బిల్డ్ చేస్తే, స్ట్రింగులను స్వీకరించే ఫంక్షన్ల బైనరీ పేర్లు మారిపోతాయి. అప్పుడు ప్రోగ్రాముకు అవి దొరకవు. డెబియన్ అటువంటి లైబ్రరీల ప్యాకేజీ పేర్ల చివర 'వీ5' అని చేర్చి, పాతవి, కొత్తవి కలిసిపోకుండా జాగ్రత్తపడింది.

నివారణ

ఒప్పందం మారినప్పుడు లైబ్రరీ పేరులోని కూర్పు సంఖ్యను మార్చటం, కొంతకాలం పాత, కొత్త రూపాలను రెండింటినీ అందించటం ప్రధాన పద్ధతులు. రెండు కూర్పుల ఏబీఐలను పోల్చి తేడాలను చూపే లిబ్‌అబిగెయిల్ వంటి ఉపకరణాలు కూడా ఉన్నాయి. అయితే కొత్తగా బిల్డ్ చేసిన ప్రోగ్రాములతో మాత్రమే పరీక్షిస్తే ఇటువంటి లోపాలు బయటపడవు. ఏళ్ళ క్రితం తయారైన బైనరీలను మార్చకుండా కొత్త లైబ్రరీతో నడిపి చూడటం అవసరం.