చెవిటి బిడ్డయు గుండెయు

1957వ సంవత్సరమున ఆంటన్ జెర్వెల్, ఫ్రెడ్ లాంగే-నీల్సన్ అను నార్వే వైద్యు లిరువురు ఒక కుటుంబమును గూర్చి ప్రకటించిరి. ఆ యింట ఆరుగురు బిడ్డలు. అందు నలుగురు పుట్టుచెవిటివారు. ఆ నలుగురికిని అప్పుడప్పుడు స్పృహ తప్పుచుండెను. వారిలో ముగ్గురు 4, 5, 9 ఏండ్ల ప్రాయములందు హఠాత్తుగా మరణించిరి. తలిదండ్రులకు వినికిడి చక్కగనే యుండెను. చెవికిని చావునకును సంబంధమేమి? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము 1997లో గాని దొరకలేదు.

లోపలిచెవి నత్తగుల్లవలె చుట్టుకొనియుండును. దాని నడిమి గదిలోని ద్రవము విచిత్రమైనది. శరీరమున కణముల వెలుపలి ద్రవములందు సోడియము హెచ్చు. ఇందు మాత్రము పొటాషియము హెచ్చు. సుమారు 80 మిల్లీవోల్టుల విద్యుత్పీడనము దానియందు నిలిచియుండును. శబ్దము తాకగానే రోమకణములపై సన్నని కేసరములు వంగును. తూము తలుపు లేచినట్లు వాని కొనలందలి రంధ్రములు తెరచుకొనును. పొటాషియము లోనికి దూకును. నాడికి వార్త యందుట దీనివలననే. అయితే తూము లేపినంత మాత్రమున చాలునా? చెరువు నిండియుండవలెను గదా! నింపుట గది గోడకణముల పని. ఆ కణముల పొరలో పొటాషియమును విడుచు వేఱొక తూము గలదు. శాస్త్రజ్ఞు లిట్టివానిని అయాను చానెళ్లందురు. ఈ తూమునకు కె.సి.ఎన్.క్యు.1, కె.సి.ఎన్.ఇ.1 అను రెండు జన్యువులు కావలెను. వీనిలో ఏ యొక్కదానికైనను తల్లి యిచ్చిన ప్రతియు, తండ్రి యిచ్చిన ప్రతియు రెండును చెడినచో చెరువు నిండదు. బిడ్డకు పుట్టుకతోనే వినికిడి యుండదు.

ఇదే తూము గుండెకండయందును గలదు. ప్రతి స్పందనము పిమ్మట కండ తెరపినొందుటకు పొటాషియము వెలికి పోవలెను. అది జాగైనచో, పరుగువలననో భయమువలననో గుండె లయదప్పి బిడ్డ కూలిపోవును. దీనిని మూర్ఛరోగమని భ్రమించి యేండ్లతరబడి మందులిప్పించుటయు గలదు. గాలి సోకినదనువారి మాట చెప్పనక్కఱలేదు.

పుట్టుచెవుడంతయు నిట్టిదని మే మనుట లేదు. ఇది మిక్కిలి యరుదు. 1999లో హాంబర్గున కనుగొనబడిన కె.సి.ఎన్.క్యు.4 మార్పు వేఱుజాతిది: ఒక్క ప్రతి చెడిన చాలును, హెచ్చు స్థాయి శబ్దములు మొదట, తక్కినవి తరువాత, మెల్లమెల్లగా వినరాకపోవును. గుండెకు దానివలన భయము లేదు.

ఒక్క చెడు ప్రతి గలవారు వినగలరు గనుక తమ యందేమున్నదో యెఱుగరు. మేనరికమున ఒకే పూర్వుని ప్రతి యిరువైపులనుండి వచ్చి కలియు నవకాశము హెచ్చు. పొలము చేజారకుండ మేనరికము కలుపుకొను మన వారు ఈ లెక్కయు వేసికొనుట మంచిది.

పుట్టుచెవిటి బిడ్డకు, స్పృహ తప్పుట యుండిన మఱి తప్పక, ఇ.సి.జి. తీయింపవలెను. అది కొలది నిమిషముల పని, వ్యయమును స్వల్పము. చెవిలో కాక్లియర్ యంత్ర మమర్చు శస్త్రచికిత్సకు ముందే యిది జరుగవలెను. ఇట్టి గుండెకు మత్తుమందు గండము కాగలదు. వ్యాధి తేలినచో బీటా బ్లాకరు మందులిత్తురు; అవి చాలనివారికి గుండెకు రక్షకయంత్ర మమర్తురు. వినగల యన్నదమ్ములకును తలిదండ్రులకును గూడ పరీక్ష కావలెను, ఏలయన చెవికి హానిచేయని యొక్క చెడు ప్రతియే కొందఱి గుండెను బాధింపగలదు.