మంచు లేని వాలు, మానుతున్న మోకాలు

మన సంఘ కుటుంబాల పిల్లలు బ్రిటన్‌లో చదువుకోవడం, నర్సులుగా, ఇంజనీర్లుగా పనిచేయడం ఇప్పుడు వింతేమీ కాదు. వారిలో కొందరు ఆటల్లో మోకాలి లిగమెంటు తెగితే సెలవు మీద వచ్చి ఇక్కడ ఆపరేషన్ చేయించుకుని వెళ్తుంటారు. నాలుగైదు నెలలు గడిచేసరికి మా ఫిజియోథెరపీ విభాగానికి వారి ఫోన్ వస్తుంది. "నొప్పి లేదు, మెట్లు ఎక్కుతున్నాను. స్నేహితులు కృత్రిమ స్కీ వాలుకు రమ్మంటున్నారు. నిజమైన మంచు కాదు కదా, వెళ్ళవచ్చా?" అని అడుగుతారు. ఈ సంగతి ఇక్కడున్న తల్లిదండ్రులకు కూడా తెలియడం మంచిది.

హైదరాబాదులో స్నో వరల్డ్ చూసినవారు ఇదీ అలాంటిదే అనుకుంటారు. ఇక్కడ మంచే ఉండదు. కొండవాలు మీద ప్లాస్టిక్ కుచ్చులున్న చాపలు పరుస్తారు. బట్టలుతికే బ్రష్షును వెల్లకిలా పెట్టినట్టు ఊహించుకోండి. స్కీలు జారడానికి చాలాచోట్ల సన్నగా నీళ్ళు చిమ్ముతారు. ఎడిన్‌బరో దగ్గర పెంట్లండ్ కొండల్లోని హిల్లెండ్‌లో 1960లలోనే ఇటువంటి వాలు వచ్చింది. కోపెన్‌హేగన్‌లోనైతే చెత్తను కాల్చి విద్యుత్తు తీసే కర్మాగారం పైకప్పు మీదే 2019లో ఒకటి ప్రారంభించారు!

"మంచు కాదు కదా" అన్న ఆ ధైర్యమే మమ్మల్ని భయపెడుతుంది. ప్లాస్టిక్ మీద రాపిడి ఎక్కువ. మంచులో పక్కకు కాస్త జారిపోయే స్కీ ఇక్కడ చిక్కుకుంటుంది. పాదం ఆగిపోతుంది, ఒళ్ళు మాత్రం తిరుగుతుంది. ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. పడితే కింద మెత్తగా ఏమీ ఉండదు. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగు పడినప్పుడు ఊడుతుంది కదా అంటారు. అది ముఖ్యంగా కాలి ఎముక విరగకుండా చేసిన ఏర్పాటు, మోకాలి లిగమెంటుకు హామీ కాదు.

ఇక లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఆపరేషన్‌లో తెగిన లిగమెంటు స్థానంలో సాధారణంగా తొడ వెనుక నుంచో, మోకాలిచిప్ప కింద నుంచో తీసిన స్నాయువును అమర్చుతారు. మొదటి నెలల్లో అది బలం పుంజుకోవడానికి బదులు కొంత బలహీనపడుతుంది. తరువాత రక్తనాళాలు అల్లుకుని నెలల తరబడి మెల్లగా లిగమెంటులా మారుతుంది. నొప్పి అంతకు ఎంతో ముందే పోతుంది. స్లాబు పైకి ఆరినట్టు కనిపించినా మేస్త్రి సెంట్రింగు ఊడదీయనివ్వడు కదా!

2016లో వెలువడిన ఒక నార్వే అధ్యయనంలో, మెలితిరిగే ఆటలకు తిరిగి వెళ్ళడాన్ని తొమ్మిదో నెల వరకు వాయిదా వేసిన ఒక్కో నెలకూ మళ్ళీ మోకాలు దెబ్బతినే ప్రమాదం సుమారు సగం తగ్గుతూ వచ్చింది. కాబట్టి ఐదో నెలలో అడిగేవారికి మా జవాబు వద్దనే. రెండోసారి తెగితే మళ్ళీ ఆపరేషన్, మళ్ళీ నెలల ఎదురుచూపు. అద్దె గదిలో ఒంటరిగా ఉంటూ వార్డులో పన్నెండు గంటలు నిలబడే నర్సుకు అది ఉద్యోగానికే ముప్పు.

తొమ్మిది నెలలు నిండినంత మాత్రాన కూడా సరిపోదు. ఆపరేషన్ అయిన కాలి తొడ ముందు కండరానికి రెండో కాలి బలంలో కనీసం 90 శాతం రావాలి. ఒంటికాలి గెంతులోనూ అంతే. ఒంటికాలి మీద కూర్చుని లేచేటప్పుడు మోకాలు లోపలికి ఒరగకూడదు. కొత్తవారికి మొదట నేర్పేది స్కీల ముందు కొనలు దగ్గరచేసి, మడమలు ఎడం చేసి ఆగడం. అందులో మోకాళ్ళు లోపలికే పోతాయి! అక్కడి ఫిజియోథెరపిస్టు చేత ఈ పరీక్షలన్నీ చేయించుకుని, సర్జన్ సరేనన్నాకే వెళ్ళండి.

వెళ్ళిన రోజున పిల్లలు నేర్చుకునే చిన్న వాలు చాలు, అదీ శిక్షకుని దగ్గర. ఆపరేషన్ సంగతి దాచవద్దు. బైండింగు ఎంత బిగించాలో బరువు, ఎత్తు, వయసు, నేర్పు అడిగి నిర్ణయిస్తారు. మనవాళ్ళు మొహమాటానికో, గొప్పకో "కొంచెం వచ్చు" అంటారు. అలా అంటే బిగువుగా పెడతారు, అవసరమైనప్పుడు ఊడదు. అలసట మొదలవగానే దిగిపోండి. మరునాడు మోకాలు వాచిందంటే ఆ వారం మళ్ళీ ఎక్కవద్దు, ఫిజియోథెరపిస్టుకు చూపించండి.

మోకాలిని ఎంతో జాగ్రత్తగా కాచుకుని చేతిని మరచిపోయేవారున్నారు. కొన్ని చాపల్లో కుచ్చుల మధ్య ఖాళీలుంటాయి. పడినప్పుడు చేతి బొటనవేలు అందులో ఇరుక్కుని, మొదట్లోని లిగమెంటు తెగవచ్చు. పొడుగు చేతుల చొక్కా, గట్టి గ్లౌజులు తప్పనిసరి. పడేటప్పుడు పిడికిలి మూయండి. బెణుకేలే అని నూనె రాసి ఊరుకోవద్దు. బొటనవేలు మొదట వాచి, తాళంచెవి తిప్పడానికి పట్టు చిక్కకపోతే ఒకటి రెండు రోజుల్లోనే ఎక్స్‌రే తీయించి డాక్టరుకు చూపించండి.