కారుకు ముసలితనం ఎట్లా వస్తుంది?

ప్రాణం లేని వస్తువుకు ముసలితనం ఉంటుందా? ఉంటుందని పాత కారు ఉన్న ప్రతి కుటుంబానికీ తెలుసు. రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతాలలో పదిహేను, ఇరవై ఏండ్లు నిండిన చిన్న కార్లు నేటికీ ఎన్నో ఇండ్ల ముందు కనిపిస్తాయి. పిల్లలను బడికి దింపాలన్నా, కూరగాయలను అంగడికి చేర్చాలన్నా, అర్ధరాత్రి రోగిని హైదరాబాదు ఆసుపత్రికి తీసుకొనిపోవాలన్నా ఆ బండే దిక్కు. అటువంటి బండి ఒకనాడు మొరాయిస్తే, దానిని బాగుచేయించి ఉంచుకొనవలెనా, వదిలివేయవలెనా అనే ప్రశ్న పుడుతుంది. ఈ ప్రశ్నకు సమాధానం కొంతవరకు రసాయన శాస్త్రంలోను, భౌతిక శాస్త్రంలోను ఉన్నది.

మన దేశంలో వెనుక తలుపు పైకి లేచే చిన్న కారును, అనగా హ్యాచ్‌బ్యాకును, మధ్యతరగతి ఇంటికి తెచ్చినది మారుతి 800. 1983 డిసెంబరు 14న మొదటి కారు తాళం చెవులను అప్పటి ప్రధానమంత్రి ఇందిరాగాంధీ కొనుగోలుదారునికి అందజేసినారు. మూడు సిలిండర్లు, 796 ఘనపు సెంటీమీటర్ల ఇంజను దాని గుండెకాయ. మూడు దశాబ్దాలలో ఇటువంటి కార్లు 25 లక్షలకు పైగా అమ్ముడైనవి. 2010 ఏప్రిల్‌లో హైదరాబాదుతో సహా 13 నగరాలలో భారత్ స్టేజ్-4 అనే కఠినమైన పొగ ప్రమాణాలు అమలులోకి వచ్చినవి. ఆ ప్రమాణాలకు తగినట్లు ఈ కారును మార్చలేదు కనుక ఆ నగరాలలో అమ్మకం నిలిచిపోయినది. 2014 జనవరిలో ఉత్పత్తి కూడా ముగిసినది. అందుచేత హైదరాబాదులో కొత్తగా కొన్న చివరి బండ్లకు సైతం 2025తో పదిహేనేండ్లు నిండినవి.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తరువాత బండిని పరీక్షించి, రోడ్డు మీద తిరగడానికి తగినదని తేలితే ఐదేసి సంవత్సరాలకు పొడిగిస్తారు. పరీక్ష జరిగేది ఒకనాడు మాత్రమే. ముసలితనం ప్రతిరోజూ వస్తూనే ఉంటుంది.

తిరిగిన దూరమా, గడిచిన కాలమా?

"మా బండి ఎక్కువ తిరగలేదు, ఇంకా కొత్తదే" అని కొందరు యజమానులు అంటారు. అయినా లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన కారు ఉదయం ఒక్క తాళానికే కదులుతుంది; నలభైవేలు మాత్రమే తిరిగి, వాకిట్లో నిలిచిన కారు మెకానిక్కును పిలిపిస్తుంది. ఇందుకు కారణమేమి? కారులో రెండు విధాల క్షయం జరుగుతుంది. రాపిడి వలన కలిగే అరుగుదల దూరాన్ని బట్టి ఉంటుంది. రసాయనిక చర్యల వలన కలిగే మార్పు కాలాన్ని, వేడిని బట్టి ఉంటుంది. నిలిచి ఉన్న కారులో మొదటిది ఆగుతుంది గాని రెండవది ఆగదు.

ఇంటి నుండి బడికి, బడి నుండి ఇంటికి మాత్రమే తిరగడం కూడా బండికి మేలు కాదు. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. ఇంజను పూర్తిగా వేడెక్కితే ఈ ఆవిరి బయటికి పోతుంది. రెండు, మూడు కిలోమీటర్లకే ఆపివేస్తే అందులో కొంత చల్లబడి సైలెన్సరులో నిలుస్తుంది. కొంత ఇంజను ఆయిలులో కలుస్తుంది. అందుకే తక్కువ తిరిగిన కారు సైలెన్సరు లోపలి నుండి తుప్పు పట్టి చిల్లులు పడుతుంది. వారానికొకసారి మొయినాబాదు నుండి చేవెళ్ళ వరకు ఆపకుండా నడిపి వస్తే ఈ తేమ చాలావరకు ఆరిపోతుంది.

ఎండ, రబ్బరు, బ్యాటరీ

రసాయనిక చర్యల వేగం పది డిగ్రీల ఉష్ణోగ్రత పెరిగితే సుమారు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. వేసవిలో అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం సాధారణమే. 40 డిగ్రీల నీడలో నెమ్మదిగా జరిగే చర్య అక్కడ నాలుగు రెట్ల వేగంతో జరుగుతుంది. బీజాపూరు రహదారి వెంట మర్రిచెట్ల నీడను కోరుకొనే బాటసారి వలెనే కారు కూడా నీడను కోరుకుంటుంది.

ఎండకు మొదట లొంగేది రబ్బరు. రబ్బరు పొడవైన అణువుల గొలుసులతో ఏర్పడినది. గంధకం ఈ గొలుసులను అక్కడక్కడ ముడివేసి గట్టిపరుస్తుంది. గాలిలోని ఆమ్లజని, ఓజోను ఈ గొలుసులను తెంచి, కొత్త ముడులు వేస్తాయి. అప్పుడు రబ్బరు సాగే గుణాన్ని కోల్పోయి పెళుసవుతుంది. గాళ్ళు లోతుగా ఉన్న టైరు కూడా ప్రక్కలకు పగుళ్ళు ఇవ్వడానికి ఇదే కారణం. టైరు ప్రక్క భాగంలో నాలుగు అంకెల సంఖ్య ఉంటుంది. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం.

బ్యాటరీలో సీసం, సీసపు ఆక్సైడు, గంధకామ్లం ఉంటాయి. విద్యుత్తు ఇచ్చినప్పుడు పలకలపై సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది; తిరిగి ఛార్జి చేసినప్పుడు కరిగిపోతుంది. బండి వారాల తరబడి నిలిచితే బ్యాటరీ తనంతట తానే కొంత శక్తిని కోల్పోతుంది. అప్పుడు ఏర్పడిన సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా మారి, మరల కరగదు.

బోరునీరు, ఎర్రమట్టి

బండి వేడెక్కినప్పుడు దగ్గరి పొలంలోని బోరునీరు రేడియేటరులో పోయడం చాలామందికి అలవాటు. బోరునీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. వేడికి అవి లోపలి సన్నని గొట్టాల గోడలపై పెచ్చులుగా పేరుకుంటాయి. ఆ పెచ్చు వేడిని సరిగా ప్రసరింపనీయదు. చివరకు ఇంజను తలభాగం వంకరపోయి ఖర్చు వేలలోకి పోతుంది. తయారీదారు చెప్పిన కూలెంటును పోయడమే మంచిది.

ఒక లీటరు పెట్రోలు కాలడానికి సుమారు తొమ్మిది వేల లీటర్ల గాలి కావలెను. ఈ ప్రాంతపు ఎర్రమట్టి ధూళిలో ఇసుక రేణువులు ఉంటాయి. ఆ రేణువులలోని క్వార్ట్జు ఇనుముకంటె కఠినమైనది. గాలి ఫిల్టరు చినిగినదంటే ఇంజను లోపల గరుకు కాగితంతో రుద్దుతున్నట్లే.

పెట్రోలులో మార్పు

నేడు బంకులలో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాలు ఉంటున్నది. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి ఉంటే ఇథనాలులో 21 మాత్రమే. లెక్క కడితే మిశ్రమంలో శక్తి సుమారు 7 శాతం తక్కువ. మైలేజీ తగ్గినదనే ఫిర్యాదుకు ఇది ఒక కారణం. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఇథనాలు కొన్నిరకాల పాత రబ్బరును ఉబ్బింపజేస్తుంది. నీటిని కూడా ఆకర్షిస్తుంది. పాత కారులో పెట్రోలు గొట్టాలు పగిలి కారితే నిప్పు ప్రమాదం. వాటి స్థానంలో ఇథనాలుకు తట్టుకొనే గొట్టాలు వేయించడం పెద్ద ఖర్చు కాదు.

బ్రేకుల పరీక్ష

కారు గతిజశక్తి వేగం యొక్క వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మనుషులతో సహా 950 కిలోల బరువున్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాని గతిజశక్తి సుమారు 132 కిలోజౌళ్ళు. 80 కిలోమీటర్ల వద్ద 235. ఈ శక్తినంతా బ్రేకులు వేడిగా మార్చవలెను. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్త ద్రవం కనీసం 205 డిగ్రీల వరకు మరగదు, అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140 డిగ్రీలకు దిగుతుంది. ద్రవం మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు ఏర్పడుతాయి. పెడలు తొక్కినా బుడగ నలుగుతుందే గాని చక్రం ఆగదు. ద్రవాన్ని రెండేండ్లకొకసారి మార్చడం అందుకే. 2025 నవంబరులో చేవెళ్ళ మండలం మీర్జాగూడ వద్ద టిప్పరు, బస్సు ఢీకొని అనేకులు ప్రాణాలు కోల్పోయిన ఈ రహదారిపై, ఎదుటి బండి తప్పిదాన్ని ఆపే శక్తి ఎవరికీ లేదు. తన బండి ఆగేటట్లు చూచుకొనడం మాత్రం ప్రతివారి చేతిలో ఉన్నది.

మార్చదగినది, మార్చరానిది

ఇంతవరకు చెప్పిన టైర్లు, బ్యాటరీ, గొట్టాలు, ద్రవాలు అన్నీ మార్చదగినవే. వీటి కోసం బండిని వదులుకొనవలసిన పని లేదు. మార్చరానిది ఒకటి ఉన్నది. లారీకి ఉన్నట్లు ఇటువంటి చిన్న కారుకు వేరే చట్రం ఉండదు. రేకులను అతికి చేసిన పెట్టెయే బరువును మోస్తుంది. ప్రమాదంలో దెబ్బను కాచుకొనేది కూడా అదే. తలుపుల క్రింది నీటి రంధ్రాలు బురదతో మూసుకొనిపోతే వాననీరు లోపల నిలిచి, ఇనుము ఆమ్లజనితో కలిసి తుప్పవుతుంది. పైన రంగు మెరుస్తున్నా లోపల రేకు బిస్కత్తువలె పొడి కావచ్చును. నేలరేకు, చక్రాల బిగింపు చోట్లు ఈ విధంగా తినివేయబడితే కుటుంబాన్ని అందులో ఎక్కించడం వివేకం కాదు. పైగా నాటి చాలా కార్లలో గాలిసంచులు కూడా లేవు. ఇంజను ఎంత చక్కగా పలికినా ఆ బండికి సెలవు చెప్పవలసినదే.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని తరగతిలో సులభంగా ప్రయోగరూపంలో చూపవచ్చును. ట్యాంకును నిండుగా నింపి, తిరిగిన దూరాన్ని వ్రాసికొని, మరల నిండుగా నింపడానికి పట్టిన లీటర్లతో భాగిస్తే నిజమైన మైలేజీ తెలుస్తుంది. విద్యార్థులు తమ ఇంటి బండి టైర్లపై ఉన్న సంఖ్యను చదివి, వాటి వయస్సును కట్టవచ్చును. రెండు మేకులను తీసికొని ఒకదానిని తడిగుడ్డలోను, మరొకదానిని నూనెలోను పదిరోజులు ఉంచితే తుప్పు పాఠం కంటి ముందే కనబడుతుంది. ఆ తరువాత పెద్దల అనుమతితో ఇంటి కారు తలుపుల క్రింది రంధ్రాలను ఒక సన్నని పుల్లతో శుభ్రం చేస్తే, చదివిన చదువు ఆ వానాకాలమే ఉపయోగపడుతుంది.