తేలే గాజుగొట్టం లెక్క

గోలీ సోడాలో గ్యాసు బయటినుంచి వస్తుంది. సోడా మిషను ఆపితే ఒత్తిడి పెరగడమూ ఆగిపోతుంది. ఇంట్లో తయారుచేసే బీరు సంగతి వేరు. మూత బిగించాకే అందులో గ్యాసు పుడుతుంది. పులవడం ముగిసిన బీరులో ఈస్టు ఇంకా బతికే ఉంటుంది. దానికి కొలిచిన చక్కెర కొద్దిగా అందించి, సీసాల్లో నింపి, రెండు మూడు వారాలు వెచ్చని చోట ఉంచుతారు. ఈస్టు ఆ చక్కెరను తిని కార్బన్ డయాక్సైడును వదులుతుంది. పోయే దారిలేని ఆ గ్యాసు బీరులోనే కరిగి, సీసా తెరిచినప్పుడు నురగై పొంగుతుంది. చక్కెర మోతాదు మించితే అదే గ్యాసు సీసాను బద్దలుకొట్టి పెంకులను గదంతా చిమ్ముతుంది. మందపాటి సీసాలు వాడితే సరిపోతుంది కదా అని ఎవరికైనా ముందు తోస్తుంది. కానీ ఈ ప్రమాదం అదుపులోకి రావడానికి గట్టి గాజు కన్నా ఎక్కువ తోడ్పడింది ద్రవంలో తేలుతూ దాని సాంద్రత చెప్పే హైడ్రోమీటరు.

బీరు బట్టీల్లోకి ఈ పరికరం భద్రత కోసం రాలేదు, డబ్బు లెక్క కోసం వచ్చింది. సారా గాఢత కొలవడానికి అది ముందే వాడుకలో ఉంది. 1768 ప్రాంతంలో ఇంగ్లండులోని ఆల్టన్ ఊళ్లో జేమ్స్ బావెర్‌స్టాక్ అనే యువ బీరు తయారీదారు తండ్రి కంట పడకుండా దానితో పరీక్షలు చేశాడు. లండన్ బీరు తయారీదారుల్లో శామ్యూల్ విట్‌బ్రెడ్ అతని మాటను కొట్టిపారేశాడు, హెన్రీ థ్రేల్ మాత్రం ఆసక్తిగా విన్నాడు. 1784లో హల్ నగరానికి చెందిన జాన్ రిచర్డ్‌సన్ తన పుస్తకంలో దీన్ని సాక్రోమీటరుగా పరిచయం చేసి, మాల్ట్ నుంచి దిగే తీపిసారాన్ని అంకెల్లో చూపాడు. లేతరంగు మాల్ట్ ఖరీదెక్కువైనా, ముదురురంగు మాల్ట్ కన్నా ఎక్కువ సారం ఇస్తుందని అప్పుడు తేలింది. 1843లో ప్రాగ్ శాస్త్రవేత్త కార్ల్ బాలింగ్ పట్టికలతో కొలత మరింత పక్కా అయింది. ఆయన లెక్క ప్రకారం 2.0665 గ్రాముల సారం పులిస్తే 1 గ్రాము ఆల్కహాలు, 0.9565 గ్రాముల కార్బన్ డయాక్సైడు వస్తాయి. మిగిలినది ఈస్టు పెరుగుదలకు పోతుంది. అంటే సీసాలోకి పోయే చక్కెర ఎంతో తెలిస్తే, అందులో పుట్టబోయే గ్యాసు ఎంతో ముందే చెప్పవచ్చు.

గాజు ఒక్కటే చాలదనడానికి షాంపేన్ సాక్ష్యం. ఫ్రాన్సులోని ఆ సీమవాళ్లు బొగ్గు కొలిమిలో కాల్చిన దళసరి సీసాలే వాడేవారు. అయినా పందొమ్మిదో శతాబ్దం తొలి దశాబ్దాల్లో నేలమాళిగల్లో సీసాలు పెద్ద సంఖ్యలో పేలేవి. పనివాళ్లు మొహానికి ఇనుప ముసుగులు తగిలించుకునేవారు. 1836లో షాలోన్ పట్టణపు ఔషధ నిపుణుడు జీన్-బాప్టిస్ట్ ఫ్రాన్స్వా, సీసాలో నింపేముందు వైనులో మిగిలిన చక్కెరను కొలిచి, ఇంకా ఎంత కలపాలో తేల్చే పద్ధతిని ప్రచురించాడు. అది వాడుకలోకి వచ్చాక సీసాల పేలుళ్లు బాగా తగ్గాయి. లీటరుకు 4 గ్రాముల చక్కెర పులిస్తే, నేలమాళిగ చల్లదనంలో రమారమి 1 వాతావరణ పీడనం పెరుగుతుంది. షాంపేన్ తయారీలో 24 గ్రాములు వేసి 6 వాతావరణ పీడనాలు రాబట్టడం ఈ లెక్క మీదే నడుస్తుంది.

ఇదే లెక్కను ఇంటి బీరుకు వేసి చూద్దాం. 20 డిగ్రీల దగ్గర పులిసిన బీరులో లీటరుకు సుమారు 1.7 గ్రాముల గ్యాసు ముందే కరిగి ఉంటుంది. లీటరుకు 6 గ్రాముల చక్కెర కలిపితే మరో 3 గ్రాములు చేరతాయి. ఆ 4.7 గ్రాములు మామూలు బీరుకు సరిపడా నురగనిస్తాయి. ఇప్పుడు పులిసేకొద్దీ దిగే హైడ్రోమీటరు అంకె 1.012 దగ్గర ఆగాల్సిన బీరును 1.016 దగ్గరే సీసాల్లో నింపారనుకోండి. ఆ నాలుగు గీతల్లో దాగిన తీపిసారం ఇంకో 4 గ్రాముల దాకా గ్యాసునిస్తుంది. 20 డిగ్రీల దగ్గర బయటి గాలికి మించిన ఒత్తిడి రమారమి 1.8 నుంచి 4 వాతావరణాలకు ఎగబాకుతుంది. వేడెక్కితే గ్యాసు ద్రవంలో నిలవదు కాబట్టి, 35 డిగ్రీల గదిలో అది 6 దాటుతుంది. మామూలు బీరు సీసాను అంత ఒత్తిడి కోసం చేయరు. కనుక చక్కెర తూచే ముందు హైడ్రోమీటరు రీడింగు చూడాలి. నమూనాను 20 డిగ్రీలకు తెచ్చి, కాస్త కలియబెట్టి గ్యాసు పోగొట్టాలి. హైడ్రోమీటరు గొట్టాన్ని వేళ్లతో ఒకసారి గిర్రున తిప్పి వదలాలి, లేదంటే దానికి అంటుకున్న బుడగలు పైకెత్తి అసలు కన్నా ఎక్కువ అంకె చూపిస్తాయి. ద్రవమట్టానికి సమంగా కన్ను పెట్టి గీత చదవాలి. రెండు మూడు రోజుల ఎడంతో చూసినా అంకె మారకపోతేనే తర్వాతి మాట.

అంకె కదలకపోవడం పులవడం ముగిసిందనడానికి రుజువవుతుందా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చలికి ఈస్టు మందగించినా అంకె నిలిచిపోతుంది, ఎండలు ముదిరాక సీసాలో మళ్లీ పని మొదలవుతుంది. డయాస్టాటికస్ రకం ఈస్టు చొరబడితే, మామూలు ఈస్టు వదిలేసే డెక్స్‌ట్రిన్లనూ నెమ్మదిగా తినేస్తుంది. హైడ్రోమీటరు ఎంత మిగిలిందో చెప్పగలదు గానీ, అందులో పులిసేది ఎంతో చెప్పలేదు. దీనికి జవాబు కూడా కొలతలోనే ఉంది. కొద్దిపాటి బీరును వేరుచేసి, దండిగా ఈస్టు వేసి, వెచ్చగా ఉంచితే అది ఎంత దాకా దిగగలదో కొద్ది రోజుల్లో తెలుస్తుంది. పెద్ద పాత్రలోని బీరు ఆ అంకెకు చేరిందా లేదా అన్నదే అసలు పరీక్ష. ఆపైన శుభ్రత, గీతలు పడని సీసాలు, కప్పిన పెట్టె, చేత్తో నొక్కి ఒత్తిడి చూడగలిగే ఒక ప్లాస్టిక్ సీసా అదనపు రక్షణలు. అవి ప్రమాదపు దెబ్బను తగ్గిస్తాయి గానీ లోపల పుట్టే గ్యాసును ఆపలేవు. అందుకే అంకె మీద అనుమానం ఉన్నప్పుడు సీసాల్లో నింపడం వాయిదా వేయడమే మంచిది. మూత పెట్టిన పాత్రలో ఇంకో వారం ఉన్నంత మాత్రాన బీరు చెడిపోదు.