వినపడటం లేదా? లోపం చెవిలో ఎక్కడుందో చూడాలి!

చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో వినికిడి తగ్గిందంటే చాలు, అందరికీ ఒకటే పేరు... చెవుడు! గులిమి గట్టిపడి వినపడని వారు, చిన్నప్పటి నుంచి చెవిలో చీము కారుతున్నవారు, ఏళ్ల తరబడి పిండి గిర్నిలోనో బోరు బండి దగ్గరో పనిచేసినవారు... అందరినీ ఒకే గాటన కట్టేస్తారు. వైద్యమూ ఒకటే అనుకుంటారు. రెండు చుక్కలు వెచ్చటి నూనె. తగ్గకపోతే సర్దుకుపోవడం. నిజానికి చెవిలో మూడు భాగాలున్నాయి. దెబ్బతిన్న భాగాన్ని బట్టే వినికిడి తిరిగి వస్తుందా, రాదా అన్నది ఆధారపడి ఉంటుంది.

బయటి చెవి: తనను తానే శుభ్రం చేసుకుంటుంది

మనకు కనిపించే చెవి డొప్ప శబ్దాన్ని పోగుచేసి సుమారు రెండున్నర సెంటీమీటర్ల నాళంలోకి పంపుతుంది. నాళం చివర కర్ణభేరి ఉంటుంది. మనం చెవి గూబ అనేది దీన్నే. నాళంలో ఊరే గులిమి మురికి కాదు. అది దుమ్మును, సూక్ష్మజీవులను ఆపుతుంది. నాళంలోని చర్మం మెల్లగా బయటి వైపు జరుగుతూ గులిమిని తనే నెట్టేస్తుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, ఇయర్‌బడ్ పెడితే అది ఇంకా లోపలికి పోయి గట్టిపడుతుంది. ఇలా తగ్గిన వినికిడి, డాక్టర్ గులిమి తీసిన వెంటనే తిరిగి వస్తుంది.

రాత్రిపూట చెవిలో పురుగు దూరిందా? పుల్లతో కెలకొద్దు. చెవి కారే సమస్య లేనివారైతే రెండు మూడు చుక్కల కొబ్బరినూనె వేస్తే పురుగు చచ్చిపోతుంది. తర్వాత ఆసుపత్రిలో తీయించుకోవాలి. పిల్లలు శనగ గింజో, బఠానీయో దూర్చుకుంటే మాత్రం నీళ్లు పోయొద్దు. గింజ ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది.

మధ్య చెవి: చాలావరకు బాగుచేయొచ్చు

బావిలో మునిగి ఈత కొట్టేటప్పుడు గట్టు మీద నుంచి ఎవరైనా పిలిస్తే సరిగా వినపడదు. గాలిలోని శబ్దంలో ఎక్కువ భాగం నీటిని తాకి వెనక్కి వెళ్లిపోవటమే కారణం. మన లోపలి చెవి నిండా ద్రవమే. మరి అందులోకి శబ్దం ఎలా వెళ్తుంది? ఇక్కడే మధ్య చెవి పని. కర్ణభేరి వెనక మూడు బుల్లి ఎముకలు గొలుసులా ఉంటాయి. మొదటిది సుత్తిలా, రెండోది దాగలిలా, మూడోది గుర్రపు రౌతు కాలుపెట్టే రికాబులా ఉంటుంది. ఈ మూడోది మూడు మిల్లీమీటర్లే. శరీరం మొత్తంలో ఇదే అతి చిన్న ఎముక. ఇవి కర్ణభేరి కదలికల ఒత్తిడిని సుమారు 20 రెట్లు పెంచి లోపలికి అందిస్తాయి.

మధ్య చెవి నుంచి ముక్కు వెనక భాగానికి ఒక సన్నని గొట్టం ఉంటుంది. చిన్నపిల్లల్లో ఇది పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. అందుకే జలుబు చేసినప్పుడల్లా వాళ్లకు చెవిపోటు వస్తుంది. కొందరిలో నొప్పి లేకుండానే కర్ణభేరి వెనక ద్రవం చేరుతుంది. బడిలో 'చెప్పిన మాట వినడు' అని తిట్లు తినే పిల్లాడికి నిజంగానే వినపడకపోవచ్చు. ముందు చెవులు పరీక్ష చేయించండి.

చెంప మీద కొట్టిన దెబ్బ చెవికి తగిలితే కర్ణభేరి చిరిగిపోవచ్చు. చిన్న చిరుగైతే నీళ్లు పోకుండా చూసుకుంటే చాలాసార్లు కొన్ని వారాల్లో తనే పూడుతుంది. పూడకపోతే ఆపరేషన్‌తో మూయొచ్చు. చీము కారే చెవిని 'పెద్దయితే పోతుందిలే' అని వదిలేయొద్దు. అందులో నూనె పోయొద్దు, బావిలో ఈతకు పంపొద్దు. దుర్వాసనతో కారే చీము ఎముకను తినేస్తూ మెదడు దాకా వెళ్లే ప్రమాదం ఉంది.

లోపలి చెవి: పోతే తిరిగి రాదు

ఇక్కడ నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన కాక్లియా ఉంటుంది. ఒక్కో చెవిలో సుమారు 15 వేల రోమకణాలు శబ్దాన్ని విద్యుత్ సంకేతాలుగా మార్చి నాడి ద్వారా మెదడుకు పంపుతాయి. ఇవి చనిపోతే మనుషుల్లో మళ్లీ పుట్టవు.

సన్నని, కీచు శబ్దాలను పట్టే కణాలు సాధారణంగా ముందు దెబ్బతింటాయి. స, శ, త, ప లాంటి అక్షరాలు సరిగా అందవు. అందుకే పెద్దవాళ్లు 'వినపడుతోంది గానీ ఏమంటున్నావో తెలుస్తలేదు' అంటారు. అలాంటప్పుడు అరవకండి. ఎదురుగా కూర్చుని, ముఖం కనిపించేలా నిదానంగా మాట్లాడండి. వినికిడి యంత్రం పెట్టించడం ఆలస్యం చేయకండి.

ఈ కణాలకు పెద్ద శత్రువు మోత. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినకూడదు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు ఆ సమయం సగమవుతుంది. అంటే 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే! మొయినాబాద్ వైపు ఫంక్షన్ హాళ్లలో పెళ్లి బరాత్‌కు డీజే పెట్టినప్పుడు స్పీకర్ పక్కన పసిపిల్లలను ఎత్తుకుని నిలబడే వారిని చూస్తుంటాం. ఇంటికొచ్చాక చెవిలో గుయ్‌మంటుంటే రోమకణాలు దెబ్బతిన్నాయనే హెచ్చరిక. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. గిర్నిలో, బోరు బండి దగ్గర పనిచేసేవారు ఇయర్ మఫ్‌లు పెట్టుకోవాలి.

కాక్లియా పక్కనే ఉండే మూడు అర్ధచంద్రాకార గొట్టాలు శరీరాన్ని తూలకుండా చూస్తాయి. మంచం మీద పక్కకు తిరగగానే కొన్ని సెకన్లు గిర్రున తిరిగినట్టనిపిస్తే అది బీపీయే అనుకోకండి. ఈ గొట్టాల్లోకి చేరిన సన్నని కాల్షియం రేణువులు కారణం కావొచ్చు. డాక్టర్ తలను ఒక పద్ధతిలో తిప్పితే చాలామందికి తగ్గిపోతుంది.

ఇలాంటప్పుడు వెంటనే వెళ్లండి

• ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోవడం. ఆలస్యం చేస్తే వినికిడి తిరిగి వచ్చే అవకాశం తగ్గుతుంది.
• షుగర్ ఉన్న పెద్దవారిలో నిద్రపట్టనంత చెవినొప్పి.
• చెవి కారుతూ మూతి వంకరపోవడం, తీవ్ర తలనొప్పి, చెవి వెనక వాపు.
• ఆరు నెలలు దాటినా బిడ్డ శబ్దం వైపు తిరగకపోవడం.

ముందు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోండి. అవసరమైతే కోఠీలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్లండి. లోపం మధ్య చెవిలో ఉందా, లోపలి చెవిలో ఉందా అన్నది ఆడియోమెట్రీ పరీక్షలో తెలుస్తుంది. సూది గుచ్చరు, నొప్పి ఉండదు. ఇంట్లో టీవీ సౌండ్ రోజురోజుకూ పెంచుతున్నవారు ఎవరైనా ఉంటే వాళ్లను ఈ వారమే తీసుకెళ్లండి.