సంఘం లెక్కలకు రెండవ ప్రతి

జకార్డు మగ్గం నడుపు సోదరులకు ఒక సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. అట్టలను ఎలుక కొట్టినా, వానకు తడిసి ఉబ్బినా, గ్రాఫ్ కాగితం భద్రముగా ఉన్నంతవరకు మనకు నష్టము అట్టల ఖరీదు, వాటిని కొట్టించిన కూలి మాత్రమే. డిజైను పోదు. గ్రాఫు కూడా పోయిననాడు మాత్రము, ఆ అంచుతో నేసిన చీర ఎక్కడైనా దొరికితేనే అది మరల పుట్టవలెను. అందుకే గ్రాఫును మగ్గం దగ్గర వదలిపెట్టక వేరుచోట దాచెదము.

కంప్యూటరులో లెక్కలు వ్రాయుచున్న మన సంఘములలో చాలవరకు ఈపాటి జాగ్రత్త కూడా లేదని నా అభిప్రాయము. నన్ను మినహాయించుకొని చెప్పుటలేదు.

కొన్నేళ్ళ క్రిందట ఒక ఏప్రిల్ నెలలో ముళబాగిలులో ఉరుములు మెరుపులతో గాలివాన వచ్చినది. మరునాడు ఉదయము మా కార్యాలయములో కంప్యూటరు తెరుచుకొనలేదు. ఒక రిపేరు అంగడికి పంపితిమి. వారు రెండు దినములలో యంత్రమును నడిపించి ఇచ్చిరి గాని, డిస్కును పూర్తిగా తుడిచి విండోసును కొత్తగా ఎక్కించిరి. లోపల ఏమున్నదని వారడుగలేదు. ముందుగా చెప్పవలెనని నాకును తోచలేదు. మా వద్ద ఉన్న ఆఖరు ప్రతి నాలుగు నెలలనాటిది. ఎవరికెంత నూలు ఇచ్చినాము, ఎంత కూలి బట్వాడా చేసినాము, పొదుపు నిధికి ఎవరి కంతు ఎంత, ఏ వ్యాపారి ఎంత బాకీ, నాలుగు నెలల లెక్క ఒక్కమారుగా పోయినది.

ఈ వార్త మగ్గాల వీధికి చేరుటకు ఒక పూట కూడా పట్టలేదు. మా సభ్యులలో పెద్దవయసు వితంతువు ఒకరు కార్యాలయము గడపలో నిలబడి, “ఏం నాయనా, ఆ పెట్టె చెడిపోతే నా దుడ్డు గూడా పోయినట్లేనా?” అని అడిగినది. లేదమ్మా అంటిని గాని, ఆ మాట ధైర్యముగా అనలేకపోతిని. ఏలయనగా, “తరువాత వ్రాసెదము లెమ్మా” అని ఆమె పాసుపుస్తకమును మూడుమార్లు త్రిప్పి పంపినది నేనే.

చివరకు ఆ లెక్క ఎట్లు తేలినదో చెప్పెదను. ఇట్టి చిక్కులో పడినవారికి పనికివచ్చును. బట్ట అప్పగించినప్పుడు చేతితో వ్రాసిన రసీదు పుస్తకములో చీరల సంఖ్య, కూలి రేటు ఉన్నవి. బ్యాంకు వివరపట్టికలో ఆమె ఖాతాకు నిజముగా పంపిన సొమ్ము ఉన్నది. మొదటిదానినుండి రెండవది తీసివేయగా వచ్చినదే పొదుపు కంతు. ఈ విధముగా సభ్యులందరి లెక్కను ఒక్కొక్కటిగా కట్టితిమి. అమ్మకముల బిల్లులలో జి.ఎస్.టి. పోర్టలుకు ఎక్కించినవి అక్కడ దొరికినవి. చేతి బాకీలు మాత్రము వ్యాపారుల మాటమీదనే నిలిచినవి. ఒకరిద్దరి మాట మాకు లాభము కలిగించలేదు. మమ్ము గట్టెక్కించినది, దండుగ అని మానివేయదలచిన ఆ రసీదు పుస్తకమే.

ఇప్పుడు మేము అనుసరించు పద్ధతి ఇది. టాలీలోనే బ్యాకప్ అను సదుపాయమున్నది. ప్రతి శనివారము కూలి బట్వాడా ముగిసిన తరువాత గుమాస్తా ఆ ప్రతిని, తేదీని పేరుగా పెట్టి, ఒక పెన్‌డ్రైవులోకి తీయును. పెన్‌డ్రైవులు రెండు. ఒకటి కార్యాలయము బీరువాలో, రెండవది అధ్యక్షులవారి ఇంటిలో ఉండును; వారమువారము అవి చోట్లు మారును. మూడవ ప్రతి గూగులు డ్రైవుకు పోవును. అక్కడ ఉచితముగా ఇచ్చు 15 జీబీ చోటు మనవంటి చిన్న సంఘపు లెక్కలకు చాలును. పాత ప్రతిమీదనే కొత్తది వ్రాయరాదు. లెక్క పాడైన సంగతి రెండు వారములకు తెలిసినచో, అంతకుముందటి ప్రతి కావలెను గదా.

ప్రతి తీసినంతమాత్రాన పని ముగియదు. మూడు నెలలకొకమారు దానిని వేరొక కంప్యూటరులో తెరచి, నగదు నిలువ చిట్టాతో సరిపోవుచున్నదా అని చూడవలెను. ఈ పరీక్షను పనిచేయుచున్న కంప్యూటరులో చేయవద్దు. పాత ప్రతి నేటి లెక్కమీద కూర్చొని, ఉన్నదియు పోవును. నెలాఖరున సభ్యులవారీ నిలువల పట్టికను కాగితముపై అచ్చు తీసి, సంతకముతో ఫైలు చేయుట కూడా మంచిది. జి.ఎస్.టి. నమోదు ఉన్న సంఘము, వార్షిక రిటర్ను గడువు తేదీనుండి 72 నెలలపాటు లెక్కలను భద్రపరచవలెనని చట్టమే చెప్పుచున్నది. డిస్కు చెడిపోయినదనుట అధికారులయెదుట చాలిన సమాధానము కాదు.

కరెంటు సంగతి. కావేరిమీది శివసముద్రమునుండి కోలారు బంగారు గనులకు విద్యుత్తు 1902లోనే వచ్చినది; బెంగళూరు నగరపు దీపములు వెలిగినది ఆ తరువాత, 1905లో. అంతటి చరిత్రగల జిల్లాలో ఉండియు, వేసవి సాయంకాలము కరెంటు ఎప్పుడు పోవునో చెప్పలేము. యు.పి.ఎస్. ఇచ్చు పది పదిహేను నిమిషములు, చేతిలోని పనిని దాచి యంత్రమును సరిగా ఆపుటకేగాని, పని సాగించుటకు కాదు. ఉరుములు వినబడగానే గోడనుండి ప్లగ్గును, ఇంటర్నెట్ తీగను రెంటిని ఊడదీయవలెను. స్విచ్చి కట్టినంతమాత్రాన పిడుగు ఆగదు.

పిడుగు ఆకాశమునుండియే రానక్కరలేదు. 2017 మే 12న వానాక్రై అను కీడు ప్రపంచమంతట కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళము వేసి, విప్పుటకు సొమ్ము అడిగినది. మన సరిహద్దు దాటగానే వచ్చు ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖవారి కంప్యూటర్లు కూడా కొన్ని దానికి చిక్కినవి. విచారకరమేమనగా, ఆ కన్నమును పూడ్చు సవరణను మైక్రోసాఫ్టువారు అదే ఏడు మార్చిలోనే విడుదల చేసియున్నారు. అప్‌డేట్ అడిగినప్పుడెల్ల “తరువాత” నొక్కువారు దీనిని గమనింతురుగాక. ఇట్టి కీడు యంత్రమునకు తగిలించియున్న పెన్‌డ్రైవును కూడా విడువదు. కావున ప్రతి తీయగానే దానిని ఊడదీయవలెను. విండోస్ 10కి ఉచిత సవరణలు మామూలుగా ఇచ్చుట 2025 అక్టోబరు 14తో ముగిసినది. పాత యంత్రము విండోస్ 11ను అంగీకరించనియెడల, దానిని ఇంటర్నెట్‌కు తగిలించక బిల్లులు అచ్చు తీయుటకు మాత్రము వాడుకొనవచ్చును.

ఇంట కంప్యూటరుపై డిజైనులు గీయు యువకులకును ఇదియే వర్తించును. వాట్సాప్‌లో పంపిన ఫొటో డిజైనుకు ప్రతి కాదు. పంపునప్పుడే అది సన్నగిలును. అసలు ఫైలునే దాచవలెను.

పాస్‌వర్డులు గుమాస్తా ఒక్కనికే తెలిసియుండుట మరియొక ప్రమాదము. మేము వాటిని కాగితముపై వ్రాసి, కవరులో మూసి, అధ్యక్షుల సంతకముతో నగదు పెట్టెలో ఉంచితిమి. గుమాస్తా మారినప్పుడు పాస్‌వర్డులు కూడా మారును. ఆ కవరులో ఓ.టి.పి. గాని యు.పి.ఐ. పిన్ గాని ఉండదు. అవి ఎవరడిగినను చెప్పదగినవి కావు. మనకు రావలసిన సొమ్ము తీసికొనుటకు పిన్ అక్కరలేదు. మోసపోయినచో జాగు చేయక 1930కి ఫోను చేయవలెను.

పాత కంప్యూటరును గుజిరీకి వేయునప్పుడు డిస్కును తప్పక ఊడదీసి దగ్గరుంచుకొనవలెను. అందులో సభ్యుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు ఉండును. మా పాత డిస్కును మేకుతో పొడిపించి, సుత్తితో కొట్టించిన తరువాతనే పారవేసితిమి.