విదేశంలో అద్దె స్కూటరు ఎక్కుతున్నారా?

ఈ మధ్య కొత్త దంపతులు థాయిలాండులోని ఫుకెట్ చూసి వచ్చి, సామాన్లు ఇంట్లో దింపి తిన్నగా నా దగ్గరకు వచ్చారు. అమ్మాయి కుడి పిక్క మీద చీము పట్టిన పుండు. అద్దె స్కూటరు దిగుతుంటే సైలెన్సరు తగిలిందట. వెంటనే టూత్‌పేస్టు పూశారు. మర్నాడు బొబ్బ చిదిపారు. సాయంత్రం సముద్రస్నానం కూడా కానిచ్చారు! ఇక చేయవలసిన పొరపాటు ఏముంది?

ఆ దేశంలో ఈ కాలిన మచ్చ ఎంత మామూలంటే, యాత్రికులు దానికి ‘థాయ్ పచ్చబొట్టు’ అని పేరే పెట్టుకున్నారు. స్కూటరుకు సైలెన్సరు సాధారణంగా కుడి పక్కన ఉంటుంది. కనుక ఎక్కడం, దిగడం ఎడమ వైపు నుంచే అలవాటు చేసుకోండి. నిక్కర్లు, చెప్పులు సముద్రపు ఒడ్డున బాగుంటాయి గాని బండి మీద కాదు.

ఒకవేళ కాలితే? కాలిన చోటును కుళాయి కింద చల్లని నీటిధారలో 20 నిమిషాలు ఉంచండి. గడియారం చూసి మరీ ఉంచండి. రెండు నిమిషాలకే చాలనిపిస్తుంది, చాలదు. ఆలస్యమైనా, 3 గంటల లోపు ఇలా చేస్తే ప్రయోజనం ఉంటుంది. ఐసు పెట్టకూడదు. కాలికి పట్టీలుంటే వాపు రాకముందే తీసేయండి. పసుపు, సిరా, కాఫీ పొడి, వెన్న - ఇవేవీ వద్దు. బొబ్బను చిదపకుండా, అంటుకోని శుభ్రమైన కట్టు కట్టండి. మానేదాకా సముద్రంలో దిగవద్దు. కాలిన చోటు తెల్లగా మారి నొప్పి తెలియకపోయినా, అరచేతికన్నా పెద్దదైనా ఆస్పత్రికి వెళ్లవలసిందే. మధుమేహం ఉన్నవారు చిన్న గాయమైనా డాక్టరుకు చూపించాలి.

బండి జారిపడి చర్మం గీసుకుపోతే ధారాళంగా నీళ్లు పోసి, ఇసుక రేణువు మిగలకుండా కడగండి. మిగిలితే నల్లమచ్చలు అలాగే ఉండిపోతాయి. మట్టి తగిలిన గాయమై, ధనుర్వాతం ఇంజక్షను తీసుకుని 5 ఏళ్లు దాటితే మరొకటి తీసుకోవాలి.

హెల్మెట్టు సంగతి వేరే చెప్పాలా? అది మరణాలను సుమారు 42 శాతం, తల గాయాలను 69 శాతం తగ్గిస్తుందని పరిశోధనలు తేల్చాయి. దుకాణం వాడు ఇచ్చినది తలకు వదులైతే మరొకటి అడగండి. గడ్డం కింద పట్టీ బిగించండి. తలకు దెబ్బ తగిలాక వాంతులు, మగత, మాటలో తడబాటు, పెరుగుతున్న తలనొప్పి కనిపిస్తే పొద్దున్న చూద్దామనుకోవద్దు. థాయిలాండులో అంబులెన్సుకు 1669 నంబరు.

మరొక సంగతి. మన దగ్గర కారు లైసెన్సు ఒక్కటే ఉన్నవారు చాలామంది అక్కడ ధైర్యంగా స్కూటరు తీస్తారు. లైసెన్సులో మోటారు సైకిలు కూడా ఉండాలి. దాని మీద రవాణా శాఖ కార్యాలయంలో అంతర్జాతీయ పర్మిట్టు తీసుకోవాలి. దాని గడువు ఏడాది. ఇవి లేకపోతే ప్రయాణ బీమా వారు సాధారణంగా డబ్బు ఇవ్వరు. తాగి నడిపినా అంతే. ప్రైవేటు ఆస్పత్రులేమో చేర్చుకునే ముందు డిపాజిట్టో, బీమా హామీయో అడుగుతాయి. పాస్‌పోర్టు కూడా అడుగుతారు. కనుక దాన్ని బండి దుకాణంలో తాకట్టు పెట్టి రావద్దు, నకలు ఇవ్వండి.

అన్నట్టు, ఆ అమ్మాయి పుండు మూడు వారాలకు మానింది. అబ్బాయిని లైసెన్సు అడిగాను. కారుదే!